ఏకలవ్యుడి కోటా

ఆధునిక కవిత్వంలో కర్ణుడు పడుతున్న అవస్థ చూడలేక చివరికి ప్రభుత్వమే కలగజేసుకుంది.

పదకొండుమంది పండితులతో ఒక సంఘం వేశారు. వాళ్లు పదేళ్లలో అచ్చయిన కవితల పుస్తకాలన్నీ తెప్పించుకుని, మూడేళ్లు చదివి, మోయలేనంత నివేదిక ఇచ్చారు. ఆ పదేళ్లలో కర్ణుడు నాలుగువేల పైచిలుకు సార్లు కవచకుండలాలు ఒలిచి ఇచ్చాడట. అహల్య రాయి కావడం, రాయి నుంచి లేవడం రెండూ కలిపి ఏడువేలు దాటాయి. ఒకే పుస్తకంలో ఒక పుటలో లేచిన మనిషి పక్క పుటలో మళ్లీ రాయైపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక ఏకలవ్యుడు ఇచ్చిన బొటనవేళ్లు లెక్కపెట్టబోయి ఒక పండితుడు మధ్యలోనే సెలవు పెట్టి ఊరెళ్లిపోయాడు. మరోపక్క శల్యుడిలాంటి వాళ్లు ఏళ్ల తరబడి పనీపాటా లేక కూర్చున్నారని, పాత్రల మధ్య ఇంత అసమానత సమాజానికి మంచిది కాదని నివేదిక ఆవేదన చెందింది.

దాంతో ఆధునిక కవితా ప్రమాణాల మండలి పుట్టింది. దాని వెంటే పురాణ పాత్రల వినియోగ నియంత్రణ నిబంధనలు పుట్టాయి. ఇకమీదట ఎవరు కవితల పుస్తకం వేసుకోవాలన్నా ముందు మండలికి పంపాలి. ఏ పుటలో ఏ పాత్ర వచ్చిందో పట్టికలో నింపాలి. ఉగాది నుంచి ఉగాదికి ఒక్కో పాత్రకు ఇన్ని కవితలని కోటా. కోటా మిగిలుంటే ధ్రువపత్రం ఇస్తారు. అది లేని పుస్తకాన్ని ఏ అచ్చాఫీసూ వెయ్యకూడదు, ఏ గ్రంథాలయమూ కొనకూడదు.

కవులకు మొదట ఆగ్రహం వచ్చింది. ఆగ్రహం మీద కవితలు రాశారు. ఆ కవితలకు పరశురాముడు కావలసి వచ్చాడు గనుక మెల్లగా వెళ్లి మండలి ముందు వరసలో నిలబడ్డారు. ముందుచూపు ఉన్నవాళ్లు భార్య పేర కర్ణుణ్ణి, బావమరిది పేర ద్రౌపదిని రాయించి పెట్టుకున్నారు. ఏకలవ్యుడికి ఏడాదికి నలభై కవితలని నిర్ణయిస్తే, ఉగాది కవిసమ్మేళనంలో ఉదయం పదకొండు గంటలకల్లా నలభై వేళ్లూ తెగిపోయాయి. పచ్చడి పంచకముందే ఆ ఏడాదికి ఏకలవ్యుడు లేడని తలుపు మీద కాగితం అంటించారు.

దేశమ్మకు ఈ గొడవ ఏదీ తెలియదు. ఆమె చిత్తూరు పక్క పల్లెలకు తిరిగే బస్సులో కండక్టరు. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ టికెట్టు కాగితం వెనక నాలుగు మాటలు రాసుకునే అలవాటు ఆమెది. అలా పదేళ్లలో ముప్పయ్యారు కవితలయ్యాయి. వాటిలో కిటికీ పక్క సీటు కోసం తిట్టుకునే ఆడవాళ్లున్నారు, కోళ్ల గంపలున్నాయి, ఆస్పత్రికి పోతూ దారిలోనే ప్రసవించిన మనిషి ఉంది. దేవుళ్లూ రాక్షసులూ ఆమె బస్సు ఎక్కలేదు. అందుకే పట్టికలో పురాణ పాత్రలు అన్నచోట ‘ఎవరూ లేరు’ అని రాసి పంపేసింది.

పద్నాలుగో పుటలో మాత్రం వాళ్ల నాయన దొరసామి ఉన్నాడు. దొరసామి ఒకప్పుడు చెరుకు గానుగలో పనిచేసేవాడు. ముప్పై ఏళ్ల కిందట ఒక మాఘమాసంలో చెరుకు నెడుతుంటే ఎడమచేతి బొటనవేలు గడతో పాటు లోపలికి పోయింది. మోటరు ఆపేలోపు రసం తొట్టిలోకి, తొట్టి నుంచి బెల్లం కాచే పెనంలోకి వెళ్లిపోయింది. ఆ రోజు బెల్లం ఆ రోజే బండికెక్కింది. గానుగ యజమాని ఊరందరికీ దొరసామి ఇంట్లో కట్టెలు కొట్టుకుంటూ వేలు నరుక్కున్నాడని చెప్పాడు. ఊరు నమ్మింది, లేదా నమ్మినట్టు ఊరుకుంది. ఆస్పత్రి చీటీ లేదు, పోలీసు కాగితం లేదు. ఆ వేలు గానుగలో పోయిందని ఈ లోకంలో ఎక్కడా రాసిలేదు.

దేశమ్మ రాసింది.

*మా నాయన ఎడమచేతికి నాలుగే వేళ్లు.*
*బొటనవేలు ఏ ఊరి పాయసంలో కరిగిందో*
*ఆ ఏడు బెల్లం కొన్నవాళ్లకు తెలియదు.*
*తియ్యగానే ఉండిందంట.*

దొరసామికి చదువు రాదు. కూతురు ఒకసారి చదివి వినిపిస్తే తలూపి ఊరుకున్నాడు. రెండు రోజుల తర్వాత అన్నం తింటూ అడిగాడు.

“నా ఏలు సంగతి రాసినావు గదమ్మా. అది అచ్చులో వస్తాదా?”

“వస్తాది నాయనా.”

“గానుగ అని కూడా ఉంటాదా?”

“పాటలో లేదు గానీ కింద రాస్తాలే నాయనా, చెరుకు గానుగలో పోయిందని.”

కూతురిని ఆయన జన్మలో అడిగింది అదొక్కటే. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, కళ్లలో పొర కమ్ముతోంది. కళ్లు పూర్తిగా మూతపడకముందు ఆ పుట ఆయన చేతిలో పెట్టాలని దేశమ్మ పట్టుదల.

శ్రావణమాసంలో మండలి నుంచి జాబు వచ్చింది. ‘ముప్పదియైదు కవితలు నిర్దోషములు. పుట 14, పంక్తి 2 యందు ఛిన్నాంగుష్ఠ ప్రస్తావన గలదు. పాత్ర: ఏకలవ్యుడు. కోటా: శూన్యము. కవయిత్రి సదరు పాత్రను దాచినట్లు కనపడుచున్నది. సంజాయిషీ ఇచ్చుకొనవలెను.’

ఛిన్నాంగుష్ఠమంటే ఏమిటో డిపోలో ఎవరికీ తెలియలేదు. డ్రైవరు అదేదో జబ్బు పేరులాగుందన్నాడు. దేశమ్మ సెలవు పెట్టి రాజధానికి బయల్దేరింది.

మండలి కార్యాలయంలో వరస పొడుగ్గా ఉంది. ఆమె ముందున్న పెద్దాయన అహల్య కావాలన్నాడు. రాయి కావడం వరకే ఉంది, లేవడం అయిపోయింది అన్నారు లోపలివాళ్లు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, సరేనని సంతకం పెట్టి, కవితలో చివరి పది పంక్తులు అక్కడే నిలబడి కొట్టేసుకున్నాడు.

కిటికీ వెనక కూర్చున్నది హైమవతి. సీనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. దేశమ్మ చేతిలోని జాబు తీసుకుని, ఫైలు తెరిచి, కవిత మొత్తం చదివింది. తర్వాత ఇంకోసారి చదివింది.

“బాగుందమ్మా. కానీ ఏకలవ్యుడు లేడు,” అంది.

“నేను ఆయన్ని అడగలేదు మేడమ్. అది మా నాయన ఏలు.”

“అందరూ అలాగే అంటారు. పోయినవారం ఒకాయన పది తలలు రాసుకొచ్చి, మా మేనేజరేనండీ అన్నాడు.” హైమవతి గొంతు తగ్గించింది. “ఒక మాట చెప్తా విను. చూపుడు వేలు అని మార్చెయ్యి. దాని మీద ఎవరి హక్కూ లేదు. ఇప్పుడే ముద్ర కొట్టి ఇచ్చేస్తాను.”

“పోయింది బొటనేలు మేడమ్.”

“చిటికెన వేలు?”

“అది ఉండాది.”

హైమవతి నిట్టూర్చి ఆమెను పై అంతస్తుకు పంపింది. అక్కడ ప్రస్తావనల పరిశీలనాధికారి డాక్టర్ పీతాంబరం ఉంటాడు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే దేశమ్మకు అంత కష్టం ఉండేది కాదు. ఆయనకు కవిత్వమంటే ప్రాణం. పద్నాలుగో పుట మీద ఆయన కన్నీటిచుక్క ఎండిన మరక ఉంది. అది తనదేనని ఆయనే చూపించాడు.

“అద్భుతమైన కవితమ్మా. అందుకే ఇందులో పురాణం ఉందంటున్నాను,” అన్నాడు. “పురాణం లేకుండా ఒక మామూలు మనిషి వేలు మీద ఇంత మంచి కవిత ఎలా వస్తుంది చెప్పు?”

దేశమ్మకు బస్సులో వచ్చేటప్పుడు అనుకున్న మాట గుర్తొచ్చింది.

“సార్, ఏకలవ్యుడిది కుడిచెయ్యి. మా నాయనది ఎడంచెయ్యి. కవితలో కూడా ఎడంచెయ్యి అనే రాసినా.”

ఆమె అనుకున్నదేమంటే ఈ దెబ్బతో వ్యవహారం తేలిపోతుందని. పీతాంబరం ముఖం వెలిగిపోయింది.

“చూశావా? నీ నోటితో నువ్వే బయటపెట్టావు. కుడి అని రాసి ఉంటే అది పాతకాలపు పద్యం. ఎడమ అన్నావు కాబట్టి ఆధునిక కవిత. ఆధునిక కవి పురాణాన్ని తిన్నగా తాకడమ్మా, తిప్పి తాకుతాడు. విలువిద్యను గానుగ చేశావు. గురుదక్షిణను బెల్లం చేశావు. గానుగలో చెరుకును నలిపే ఇనప రోలర్లు ఎన్ని ఉంటాయి, రెండా?”

“మూడు సార్.”

“మూడా? అయితే మరీ మంచిది. గురువు, రాజు, శిష్యుడు.”

“మామూలుగా అన్ని గానుగలకీ మూడే ఉంటాయి సార్.”

“పురాణం అంత లోతుగా వేళ్లూనుకుందన్నమాట,” అని పీతాంబరం రాసుకున్నాడు. తర్వాత తొమ్మిదో నిబంధన చదివి వినిపించాడు. కవికి తెలియకుండా కవితలో దూరిన పురాణానికి సైతం కవియే బాధ్యుడు. దేశమ్మ కళ్లు తుడుచుకోవడం చూసి ఆయనకు జాలి కలిగింది. వెతికి వెతికి పన్నెండో నిబంధన కూడా చదివాడు. ప్రస్తావిత అంగము నిజముగా ఒక వ్యక్తికి సంబంధించినదని రుజువైనచో మినహాయింపు ఇవ్వవచ్చును. అందుకుగాను సదరు వ్యక్తిని, సదరు అంగముతో సహా హాజరుపరచవలెను.

“అంగం లేదు గదా సార్.”

“లేకపోవడాన్నే తీసుకురామ్మా,” అన్నాడు పీతాంబరం.

పదిహేను రోజులకు దొరసామి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎడమచేతిని, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, భుజం మీది తువ్వాలుతో చుట్టుకున్నాడు. యథార్థ నిర్ధారణ ఉపసంఘమని పీతాంబరంతో పాటు ఇద్దరు ఆచార్యులు కూర్చున్నారు. వాంగ్మూలం రాయడానికి హైమవతిని పిలిపించారు.

తువ్వాలు తియ్యమన్నారు. దొరసామి కూతురి వైపు చూసి తీశాడు. ఒక ఆచార్యుడు లేచి వచ్చి, మొండి వేలిని స్కేలుతో కొలిచి, ‘అర అంగుళం శేషం’ అన్నాడు. రెండో ఆచార్యుడు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“వేలు కోల్పోయే నాటికి మీకు ఆ విద్యలో గురువు ఎవరైనా ఉండిరా?”

“విద్య కాదు సామీ, గానుగ. పని నేర్పించింది మా మామ.”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“సంఘటన సమయంలో ఆయన అక్కడే ఉన్నారా?”

“ఉన్న్యాడు. మోటరు ఆపింది ఆయప్పే.”

“ఆ తర్వాత మీరు ఆ విద్యను కొనసాగించగలిగారా?”

“యాడ సామీ. ఎడంచేత్తో గడ పట్టుకుని కుడిచేత్తో నెట్టాల. నాలుగు వేళ్లతో పట్టు దొరకదు. మల్లా నన్ను గానుగ కాడికి రానీలేదు.”

‘గురుసమక్షము. విద్యాభ్రంశము,’ అని రాయించాడు పీతాంబరం. “అది గానుగలోనే పోయిందనడానికి ఏదైనా ఆధారం?”

దేశమ్మ లేచింది. ఆధారం లేదని, గానుగ యజమాని అప్పుడే కట్టెలు కొడుతూ నరుక్కున్నాడని ఊరంతా చాటాడని, అందుకే తాను ఈ కవిత రాసిందని ఉన్నదున్నట్టు చెప్పింది. నిజం చెబితే పని జరుగుతుందని ఆమె ఇంకా అనుకుంటోంది.

“అంటే ఈ వేలు విషయంలో రెండు కథనాలున్నాయి,” అన్నాడు మొదటి ఆచార్యుడు.

“రెండోది అబద్ధం సార్.”

“అది మా పరిధి కాదు. పాఠాంతరాలు ఉన్నాయంటే అది ఇతిహాసమే.”

దొరసామికి ఈ మాటలేవీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా కూతురి మొహం చూస్తే పని చెడుతోందని తెలిసింది. పీతాంబరం ఆయన దగ్గరికి కుర్చీ జరుపుకుని, మర్యాదగా అడిగాడు.

“పెద్దాయనా, మీకు ఏకలవ్యుడు తెలుసా?”

“తెలుసు సామీ. మా ఊర్లో ఏటా పద్దెనిమిది దినాలు బారతం జరుగుతాది. అరికథ దాసు సెప్తాడు.”

“ఆ కథ విన్నప్పుడు మీకేమనిపిస్తుంది?”

దొరసామి మొండి వేలిని కుడిచేత్తో నిమురుకున్నాడు.

“ఏమనిపిస్తాది సామీ. ఆయప్పను అడిగి తీసుకున్న్యారు. నన్ను అడగనుకూడా అడగలేదు.”

హైమవతి రాయడం ఆపేసింది. మొదటి ఆచార్యుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పీతాంబరం కళ్లు మరోసారి తడిశాయి. దేశమ్మకు ఆ తడి చూసి ప్రాణం లేచొచ్చింది. ఇక అయిపోయింది, నమ్మారు అనుకుంది.

“రాయండి హైమవతి గారూ,” అన్నాడు పీతాంబరం గొంతు సవరించుకుని. “తనకును ఏకలవ్యునకును గల సామ్యమును, భేదమును సాక్షి స్వయముగా, స్వచ్ఛందముగా విశదీకరించినాడు. కావున ప్రస్తావన నిస్సందేహముగా రుజువైనది. పుట 14 తొలగించవలెను.”

“ఆయన పేరు ఎత్తింది మీరే కదా సార్,” అంది దేశమ్మ.

“ఎత్తింది మేమే. అంత లోతుగా స్పందించింది మీ నాన్నగారు.”

దేశమ్మకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏడిస్తే ఆ ఏడుపుకు కూడా ఎవరో ఒక పురాణస్త్రీని అంటగడతారని పళ్లు బిగించి కూర్చుంది. తండ్రికి ఇచ్చిన మాట పోయింది. ముప్పై ఏళ్ల కిందట ఆ వేలు కట్టెలదని ఒకడు అన్నాడు, ఇప్పుడు ముగ్గురు చదువుకున్నవాళ్లు కలిసి అది ఇంకెవరిదో అన్నారు.

వాంగ్మూలం కింద సాక్షి సంతకం కావాలి. దొరసామికి సంతకం రాదు. హైమవతి వేలిముద్ర పత్రం తీసి, సిరాబిళ్ల తెరిచి, అలవాటుగా అంది.

“మగవాళ్లది ఎడమ బొటనవేలండీ.”

అన్నాక తనేం అన్నదో ఆమెకు తెలిసింది. పీతాంబరం వైపు చూసింది.

“కుడిది తీసుకోమంటారా?”

“నిబంధన ఎడమ అంటోంది. ముద్ర లేకపోతే విచారణే చెల్లదు,” అన్నాడు పీతాంబరం ఇబ్బందిగా. ఇద్దరు ఆచార్యులూ నిబంధనల పుస్తకం తిరగెయ్యడం మొదలుపెట్టారు. వాళ్లకు భోజనాల వేళ దాటిపోతోంది.

దొరసామి వాళ్లను కష్టపెట్టదలచుకోలేదు. ముందుకు వంగి, మొండి వేలిని సిరాబిళ్ల మీద అద్ది, గడిలో గట్టిగా నొక్కాడు. గీతలూ సుడులూ ఏమీ లేని నల్లటి మచ్చ ఒకటి పడింది.

ఆ గడి కింద పత్రంలో ఇంకో గడి ఉంది. ‘ముద్ర స్పష్టముగా లేనిచో కారణము.’ ముప్పై ఏళ్ల సర్వీసులో హైమవతి ఏ గడినీ ఖాళీగా వదిలి ఎరగదు. ఆమె దొరసామి మొహంలోకి ఒకసారి చూసి, కలం తీసి, గుండ్రటి అక్షరాలతో రాసింది. ‘చెరుకు గానుగలో పడి వేలు పోయినది.’ కింద పేరు, ఊరు, తేదీ వేసింది. పీతాంబరం భోజనానికి లేస్తూ, చదవకుండానే సంతకం పెట్టాడు. హైమవతి దాని మీద మండలి ముద్ర కొట్టింది.

“నకలు కావాలా అమ్మా?” అని అడిగింది దేశమ్మను. “దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తారు. ధ్రువీకరించి మరీ ఇస్తారు.”

దేశమ్మ నకలు తీసుకుంది. బస్సులో ఆ కాగితం చదువుతూ వచ్చింది. మండలి చెప్పినట్టే పద్నాలుగో పుటలోని కవిత తీసేసి, దాని చోట ఆ కాగితాన్ని పెట్టి పుస్తకం మళ్లీ పంపింది. మండలిలో ఆ ఫైలు నెల రోజులు తిరిగింది. చివరకు పీతాంబరం దాని మీద రాశాడు: ‘పుట 14 నందున్నది ప్రభుత్వ పత్రము. ప్రభుత్వ పత్రములయందు పురాణము గాని, కవిత్వము గాని ఉండుటకు అవకాశము లేదు. అనుమతించడమైనది.’

పుస్తకం వచ్చింది. గ్రంథాలయాలు కొన్నాయి. ఒక విమర్శకుడు పద్నాలుగో పుటలో తనకు ఏకలవ్యుడు సాక్షాత్కరించాడని పత్రికలో రాసి, కోటా లేకుండా పాత్రను చూసినందుకు మండలి నుంచి నోటీసు అందుకున్నాడు.

దేశమ్మ మొదటి ప్రతి తెచ్చి పద్నాలుగో పుట తెరిచి నాయన ఒళ్లో పెట్టింది. కాగితం మీద ఉన్నదంతా మెల్లగా చదివి వినిపించింది. చెరుకు గానుగలో అన్నచోట ఆయన ఆపి, ఇంకోసారి చదవమన్నాడు. చదివింది. రాజముద్ర ఎక్కడుందో చూపమంటే వేలు పెట్టి చూపింది.

కాసేపటికి ఆయన తువ్వాల్లోంచి ఎడమచెయ్యి బయటికి తీశాడు. పొర కమ్మిన కళ్లతో పుట మీదికి వంగి, మొండి వేలిని ఆ నల్లటి మచ్చ మీద ఆనించి, అటూ ఇటూ సర్ది చూసుకున్నాడు.

“నాదేమ్మా,” అన్నాడు.